రెట్టింపు బయానా తీసుకుని పొలం వదులుకోవాలా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా చిట్యాల మండలంలో ఒక గ్రామం. మా ఊరి రైతు ఒకాయన దగ్గర రోడ్డు పక్కన ఎకరం ఇరవై గుంటల చెలక కొనడానికి మాట్లాడుకున్నాను. ఎకరం 40 లక్షల చొప్పున మొత్తం 60 లక్షలు. 2025 ఫిబ్రవరి 10న వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని ఆరు లక్షలు బయానా ఇచ్చాను. అందులో నాలుగు లక్షలు బ్యాంకు ద్వారా, రెండు లక్షలు నగదుగా ఇచ్చాను. ఆరు నెలల్లో మిగతా సొమ్ము చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలన్నది షరతు. గడువు దగ్గర పడే సరికి ఆయన దసరా పోనిమ్మన్నాడు, ఆ తర్వాత సంక్రాంతి అన్నాడు. ఈలోగా హైదరాబాద్ నుంచి ఎవరో వచ్చి ఎకరానికి 55 లక్షలు ఇస్తామన్నారట. ఇప్పుడు ఆయన ‘మా చెల్లెలు సంతకం పెట్టనంటోంది. కాగితంలో రాసుకున్నట్టే బయానాకు రెట్టింపు, పన్నెండు లక్షలు ఇస్తాను, తీసుకుని ఊరుకో’ అంటున్నాడు. ఊరి పెద్దమనుషులదీ అదే మాట. రిజిస్టరు కాని కాగితం ఎలాగూ చెల్లదు, వచ్చినకాడికి తీసుకోమంటున్నారు. నాకు డబ్బు వద్దు, పొలమే కావాలి. నాకు హక్కు ఉందా? కాగితం నకలు జతపరుస్తున్నాను.

సమాధానం: ఆ పన్నెండు లక్షలు మీరు ఇంకా ముట్టుకోలేదు కదా? ‘లెక్క తేలిపోయింది, ఇకపై నాకు ఏ హక్కూ లేదు’ అనే కాగితం మీద పెద్దమనుషుల ముందు సంతకం పెట్టలేదు కదా? ఉత్తరంలో ఆ సంగతి లేదు కాబట్టి పెట్టలేదనే అనుకుంటున్నాను. దయచేసి పెట్టకండి. ఇద్దరూ ఇష్టపడి పాత ఒప్పందాన్ని రద్దు చేసుకుంటే ఇక దాన్ని నెరవేర్చాల్సిన అవసరం లేదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ చెబుతోంది. డబ్బు తీసుకుని చెల్లు రాసిచ్చిన మరుక్షణం మీ బయానా కాగితం ప్రాణం పోతుంది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చినా, మరే వకీలు దగ్గరికి వెళ్లినా చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇప్పుడు మీ చేతిలో ఏముందో చూద్దాం. మన దగ్గర బయానా ఇచ్చి ఇంటికి రాగానే ‘పొలం కొన్నాం’ అని చెప్పుకుంటారు. చట్టం దృష్టిలో ఇంకా కొనలేదు. వంద రూపాయలు, అంతకు మించి విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన దస్తావేజు ద్వారానే జరగాలనీ, అమ్ముతానని చేసుకున్న ఒప్పందం తనంత తానుగా ఆ ఆస్తిలో ఏ హక్కునూ పుట్టించదనీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ అంటుంది. కాబట్టి ఆ చెలక ఈ రోజుకీ ఆయనదే. మీకు హక్కు ఉన్నది ఆయన ఇచ్చిన మాట మీద. అయితే అది గాలిలో కలిసిపోయే మాట కాదు. ధర తేలింది, పొలం ఏదో తేలింది, డబ్బు చేతులు మారింది, ఇద్దరూ వయసొచ్చినవాళ్లు, ఎవరూ ఎవరినీ బెదిరించలేదు, మోసగించలేదు. కాంట్రాక్టు చట్టం 10వ సెక్షన్ అడిగేవి ఇవే. అలాంటి మాటను కోర్టు ద్వారా నెరవేర్పించుకునే దారిని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం చూపిస్తుంది. 2018లో ఆ చట్టాన్ని సవరించకముందు, ఒప్పందం రుజువైనా అమలు చేయించాలా వద్దా అన్నది జడ్జి విచక్షణ మీద ఆధారపడేది. సవరణ తర్వాత, చట్టంలోనే చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప, అమలు చేయించాల్సిందే. ధర పెరిగిందన్న ఒక్క కారణం ఆ మినహాయింపుల్లో లేదు.

రెట్టింపు బయానా షరతు దగ్గరే మీ ఊరి పెద్దమనుషులు పొరపాటు పడుతున్నారు. ‘అమ్మేవాడు తప్పుకుంటే రెట్టింపు ఇవ్వాలి, కొనేవాడు తప్పుకుంటే బయానా పోతుంది’ అనే వాక్యం మన జిల్లాలో రాసే ప్రతి బయానా కాగితంలోనూ దాదాపు ఇవే మాటల్లో కనిపిస్తుంది. దాని అర్థం ‘ఆరు లక్షలు అదనంగా పడేస్తే అమ్మేవాడు స్వేచ్ఛగా తప్పుకోవచ్చు’ అని కాదు. ఒప్పందం తప్పితే ఇంత ఇవ్వాలని రాసుకున్నంత మాత్రాన అమలు కోరే హక్కు పోదని నిర్దిష్ట ఉపశమన చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. ఆ మొత్తం మాట తప్పకుండా కట్టడి చేయడానికి రాసుకున్నదా, లేక మాట నెరవేర్చడమో డబ్బు కట్టడమో ఏదో ఒకటి ఎంచుకొమ్మని అమ్మేవాడికి అవకాశం ఇవ్వడానికి రాసుకున్నదా అన్నదే కోర్టు చూస్తుంది. మీ కాగితంలో ‘లేదా రెట్టింపు ఇచ్చి విరమించుకోవచ్చు’ అన్న మాట ఎక్కడా లేదు. ‘తప్పినచో రెట్టింపు చెల్లించవలసి ఉండును’ అని ఉంది. ఇది కట్టడి షరతు.

లెక్క వేసి చూడండి. మీ ఎకరంన్నరకు కొత్త బేరంలో ఆయనకు వచ్చేది 82 లక్షల 50 వేలు. మీతో ఒప్పుకున్న ధర కంటే అది 22 లక్షల 50 వేలు ఎక్కువ. అందులోంచి ఆరు లక్షలు మీకు అదనంగా ఇచ్చినా పదహారున్నర లక్షలు ఆయనకే మిగులుతాయి. ధర పెరిగినప్పుడల్లా ఇలా తప్పుకోగలిగితే బయానా కాగితం రాసుకోవడం ఎందుకు? హైదరాబాద్ చుట్టూ వేయబోయే రీజినల్ రింగు రోడ్డు మాట వినబడినప్పటి నుంచి చౌటుప్పల్, చిట్యాల చుట్టుపక్కల ఇలాంటి తగాదాలు మరీ ఎక్కువయ్యాయి. జడ్చర్ల, భూత్పూర్ దారిలో ఉండే వకీలు మిత్రులదీ అదే మాట. మాట మీద నిలబడే రైతులే మన పల్లెల్లో ఎక్కువ. కానీ రోడ్డు గీత పటం మీద పడ్డప్పుడు బంధువులు, మధ్యవర్తులు ఆ రైతు చెవిలో పోరు పెట్టి మాట తప్పిస్తున్నారు.

ఒకవేళ చివరకు మీరే డబ్బుతో సరిపెట్టుకోవాలనుకున్నా, ‘రెట్టింపు’ అని రాసుకున్నారు కాబట్టి కోర్టు కళ్లు మూసుకుని పన్నెండు లక్షలు ఇప్పిస్తుందని అనుకోవద్దు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తానికి మించకుండా, న్యాయమనిపించినంత పరిహారమే ఇప్పిస్తారు.

ఇక రిజిస్ట్రేషన్ సంగతి. కాగితం చెల్లదన్న మాటలో సగమే నిజం. 1999లో వచ్చిన రాష్ట్ర సవరణ తర్వాత మన దగ్గర స్థిరాస్తి అమ్మకపు ఒప్పందాలను కూడా రిజిస్టరు చేయించాలి. చేయించి ఉంటే మీ బాధ సగం తగ్గేది. అయినా రిజిస్టరు కాని ఒప్పందాన్ని, దాన్ని అమలు చేయించమని వేసిన దావాలో సాక్ష్యంగా తీసుకోవచ్చని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్‌లోని మినహాయింపు చెబుతోంది. స్టాంపు సుంకం తక్కువైతే ఆ తేడాను, దానిపై జరిమానాను కట్టించుకుని కోర్టు కాగితాన్ని తీసుకుంటుంది. ఆ జరిమానా పది రెట్ల దాకా పెరగవచ్చు కాబట్టి చిన్న విషయం అనుకోవద్దు. ఒక సంగతిలో మీరు అదృష్టవంతులు. చాలామంది, పొలంలో అడుగు పెట్టకపోయినా, బలంగా ఉంటుందని ‘స్వాధీనం అప్పగించడమైనది’ అని రాయించుకుంటారు. ఆ ఒక్క వాక్యంతో ఒప్పందానికి అమ్మకపు దస్తావేజుకు కట్టినంత సుంకం కట్టాల్సి వస్తుంది. మీ కాగితంలో ఆ వాక్యం లేదు.

నకలు ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. నీలం సిరాతో, గుండ్రటి చేతిరాతతో, చక్కగా రాశారు. సర్వే నంబరు ఉంది. విస్తీర్ణం 4 ఎకరాల 10 గుంటల్లో ఎకరం 20 గుంటలు అని ఉంది. తూర్పున రోడ్డు, పడమర అమ్మేవారి మిగతా భూమి అని రాశారు. ఉత్తరం, దక్షిణం అన్న మాటల పక్కన మాత్రం ఖాళీ. రాసినవారు ఆ రోజు ‘తర్వాత కొలిపించి రాద్దాం’ అని ఉంటారు. కింద డబ్బు రాసిన చోట ‘నాలుగు’ కొట్టేసి పైన ‘ఆరు’ అని రాశారు. దిద్దుబాటు పక్కన ఎవరి సంతకమూ లేదు. చివర అమ్మేవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి.

చేతులు జోడించి చెబుతున్నాను, ఆ ఖాళీలను ఇప్పుడు మీరు నింపకండి. మీ దగ్గరున్న అసలు కాగితానికి పెన్ను తగలనివ్వకండి. ఒప్పందంలో ముఖ్యమైన మాటను ఒక పక్షం రెండోవారికి తెలియకుండా మారిస్తే ఒప్పందం మొత్తానికే ముప్పు. ఉత్తరం, దక్షిణం హద్దులు లేకపోవడం దిద్దుకోగల లోపం. సర్వే నంబరు, రోడ్డు వైపు హద్దు, విస్తీర్ణం ఉన్నాయి కాబట్టి పొలం ఏదో తేల్చడానికి దారి ఉంది. అదే ఖాళీలో కొత్త సిరా కనబడితే, అవతలి వకీలు విచారణ మొత్తాన్ని ఆ సిరా చుట్టూనే తిప్పుతాడు. ఆరు లక్షల దిద్దుబాటుకు మీకు అండ ఆ ఇద్దరు సాక్షులు. రెండు లక్షలు చేతికి ఇచ్చినప్పుడు వాళ్లు అక్కడే ఉన్నారా? నోట్లు ఎవరు లెక్కపెట్టారు? వాళ్లతో మాట్లాడి గుర్తు చేయండి. స్థిరాస్తి అమ్మకానికి 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవారిపై అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. అందుకే ఆ రెండు లక్షలు ముట్టలేదని ఆయన బుకాయించవచ్చు.

చెల్లెలి విషయానికి వస్తాను. సూర్యాపేటలో ఉన్న చెల్లెలికి పెళ్లప్పుడే కట్నం, బంగారం ఇచ్చామనీ, భూమిలో భాగం లేదనీ ఆయనే మొదట మీతో అన్నట్టు రాశారు. ఇప్పుడు అదే చెల్లెలిని అడ్డం పెట్టుకుంటున్నాడు. కట్నం ఇచ్చినంత మాత్రాన ఆడబిడ్డ వాటా పోదు. మీరు రాసినదాన్ని బట్టి ఇది తండ్రి సొంతంగా కొన్న భూమి. ఆయన వీలునామా రాయకుండా పోయారు, తల్లి లేరు, ఉన్నది ఈ ఇద్దరే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇద్దరికీ సమాన వాటా. పాసు పుస్తకం అన్న పేరు మీద ఒక్కడికే వచ్చినా ఆమె వాటా చెరిగిపోదు. 4 ఎకరాల 10 గుంటలు అంటే 170 గుంటలు. అందులో సగం 85 గుంటలు ఆయనవి. మీకు అమ్ముతానన్నవి 60. అంటే తన వాటా నుంచే మీకిచ్చిన మాట నిలబెట్టుకోగలడు. పంపకం కాకముందు కూడా వాటాదారు తన వాటాను అమ్మవచ్చు. కొన్నవారు తర్వాత పంపకం కోరవచ్చు. ఇబ్బంది ఉన్నది ఒక్క చోటే. రోడ్డు వైపు ముక్కే మీకు వస్తుందని చెల్లెలు ఒప్పుకోకుండా ఎవరూ హామీ ఇవ్వలేరు. మీ ఒప్పందంలో రోడ్డు వైపు అనే ఉంది కాబట్టి మీకు అదే ముఖ్యం.

అందుకే మీరు సూర్యాపేట వెళ్లి ఆమెను కలవాలి. బతిమాలడానికో బెదిరించడానికో కాదు. నిజంగా సంతకం పెట్టనందా, లేక అన్న ఆమె పేరు వాడుకుంటున్నాడా? ఆమెకు న్యాయంగా రావాల్సిన వాటాను గుర్తిస్తే మీతో కలిసి రావడానికి ఆమెకు అభ్యంతరం ఉండకపోవచ్చు. ఇలాంటి తగాదాల్లో ఎవరూ పలకరించనిది ఆ ఆడబిడ్డనే అని నా ఇన్నేళ్ల పనిలో చాలాసార్లు చూశాను.

మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ ఎక్కువగా మీ చేతిలోనే ఉంది. అమలు కోరేవాడు మొదటి నుంచీ తన వంతు నెరవేర్చడానికి సిద్ధంగా, సుముఖంగా ఉన్నానని రుజువు చేసుకోవాలని నిర్దిష్ట ఉపశమన చట్టం 16వ సెక్షన్ పట్టుబడుతుంది. సిద్ధంగా ఉండటమంటే డబ్బు తెచ్చే తాహతు ఉండటం. సుముఖత అంటే కొనాలన్న ఉద్దేశం మీ నడతలో కనబడటం. కోర్టు ఆదేశిస్తే తప్ప సొమ్మును ముందే తెచ్చి జమ చేయనక్కర్లేదు, కానీ తాహతు కాగితం మీద కనబడాలి.

కొన్నేళ్ల కిందట దేవరకొండ వైపు ఒక రైతు నా కక్షిదారు. అతని బయానా కాగితం మీ కాగితం కంటే ఎంతో నిక్కచ్చిగా ఉంది. మిగతా సొమ్ము బావమరిది ఇస్తాడన్నాడు. బోనులో నిలబడ్డప్పుడు అవతలి వకీలు ఒకే ప్రశ్న వేశాడు, ‘ఆ బావమరిది ఖాతాలో ఆ రోజు ఎంత ఉంది?’ అని. నా కక్షిదారు తల దించుకున్నాడు. పాసుబుక్కు లేదు, బావమరిది సాక్ష్యానికి రాలేదు. బయానా వడ్డీతో తిరిగి వచ్చింది, పొలం రాలేదు. బావమరిది లెక్కలు ముందే అడిగి తెప్పించాల్సింది నేను, ఆ తప్పులో నా వాటా ఉంది. అందుకే మీరు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘మిగతా 54 లక్షల్లో 38 నా ఖాతాలో ఉన్నాయి, 16 మా బావమరిది ఇస్తానన్నాడు’ అన్నారు. 38 లక్షలున్న ఖాతా స్టేట్‌మెంటును 2025 ఫిబ్రవరి నుంచి ఈ రోజు దాకా బ్యాంకు ముద్రతో తెచ్చుకోండి. ఆ సొమ్మును వేరే పనికి తీయకండి. బావమరిది ఖాతా వివరాలు కూడా తీయించి, అవసరమైతే కోర్టుకు వచ్చి చెబుతానన్న మాట అతని నోట ఇప్పుడే వినండి.

గడువు విషయంలో మీరు కాస్త ఆలస్యం చేశారనే చెప్పాలి. కాలపరిమితి చట్టం 54వ అధికరణ ప్రకారం ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. మీ ఆరు నెలలు 2025 ఆగస్టు 10తో ముగిశాయి. అంటే 2028 ఆగస్టు 10 దాకా సమయం ఉంది. అది చూసి నిశ్చింతగా కూర్చోకండి. మదురైలో ఒక ఇంటి విషయమై విద్యానందం కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పును ఇప్పటికీ అవతలి వకీళ్లు తెచ్చి చూపిస్తారు. అక్కడ 60 వేల ధరకు 5 వేలు బయానా ఇచ్చి, ఆరు నెలల గడువు రాసుకుని, కొనేవారు రెండున్నరేళ్లు మిన్నకుండిపోయారు. మూడేళ్ల లోపే దావా వేసినా కోర్టు అమలుకు ఒప్పుకోలేదు. గడువు రాసుకున్నప్పుడు దానికి ఏదో ఒక విలువ ఉండాలి కదా అంది. దసరా తర్వాత, సంక్రాంతి తర్వాత అని ఆయన మీకు చెప్పిన మాటలు నోటి మాటలే. కాగితం వెనక రెండు వాక్యాలు రాయించి సంతకం తీసుకుని ఉండాల్సింది. ఫోనులో వాట్సాప్ సందేశాలు ఉన్నాయన్నారు, అవే ఇప్పుడు మీకు ఆధారం. వాటిని చెరిపేయకండి, ఆ ఫోను మార్చకండి, అమ్మకండి.

హైదరాబాద్ నుంచి వచ్చిన కొనుగోలుదారు గురించి కూడా ఆలోచించాలి. మీ ఒప్పందం గురించి తెలియకుండా, నిజాయితీగా, డబ్బు చెల్లించి ఆయన రిజిస్ట్రేషన్ చేయించుకుంటే చట్టం ఆయనను కాపాడుతుంది. తెలిసి కొంటే కాపాడదు. కాబట్టి ఆయనకు తెలిసేలా చేయాలి. అమ్మే రైతుకు పంపే వకీలు నోటీసు ప్రతిని ఆయనకు కూడా పంపండి. సర్వే నంబరు, గ్రామం పేర్లతో ఒక దినపత్రికలో ప్రకటన వేయించండి. భూమి ఉన్న మండలం తహసీల్దారే మన రాష్ట్రంలో వ్యవసాయ భూములకు రిజిస్ట్రేషన్ చేస్తారు కాబట్టి అక్కడ కూడా ఒక ప్రతి ఇచ్చి తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. దానివల్ల తహసీల్దారు రిజిస్ట్రేషన్ ఆపేస్తారని కాదు, మీరు చెప్పారన్న సాక్ష్యం మిగులుతుంది. దావా వేశాక పరిస్థితి ఇంకా మెరుగు. నడుస్తున్న దావాలోని ఆస్తిని ఎవరు కొన్నా దాని తీర్పుకు కట్టుబడాల్సిందేనని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ అంటుంది. దావాతో పాటే, అమ్మకుండా తాత్కాలిక ఆంక్ష కూడా అడగాలి.

దావాలో అమలు కోరుతూనే, అది కుదరని పక్షంలో బయానా వడ్డీతో తిరిగి ఇప్పించమని కూడా విడిగా రాయించండి. అడగకపోతే కోర్టు దాన్ని ఇవ్వలేదు. కోర్టు ఫీజు 60 లక్షల ధర మీద కట్టాలి, ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి. వేసే ముందు ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో లేదని, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డు భూమి కాదని రికార్డులో చూసుకోండి. అసైన్డు అయితే 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకమే చెల్లదు. అప్పుడు మనం మాట్లాడుకోవాల్సింది బయానా వెనక్కి తీసుకోవడం గురించే.

ఉత్తరం చివర మధ్యవర్తి చెప్పిన ఉపాయం ఒకటి రాశారు. అమ్మే రైతుతో జీపీఏ, అంటే ఆయన తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం, రాయించుకుని పొలంలో దిగిపొమ్మన్నాడట. జీపీఏతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చేసింది. చెల్లెలి వాటా తేలని భూమిలో అలా దిగితే మీ మీదే కేసు పడుతుంది. ఆ మాట వినకండి.

ఈ వారంలోనే నోటీసు ఇప్పించండి. అందులో మూడు సంగతులు తప్పక ఉండాలి. 54 లక్షలు సిద్ధంగా ఉన్నాయి, ఫలానా రోజున ఉదయం తహసీల్దారు కార్యాలయానికి వస్తాను, మీరు వచ్చి రిజిస్ట్రేషన్ చేయండి. ఆ రోజు మీరు నిజంగా వెళ్లండి. ఆయన రాకపోయినా సాయంత్రం దాకా అక్కడే ఉండి, మీరు వచ్చినట్టు ఒక అర్జీ ఇచ్చి దాని మీద ఆ రోజు ముద్ర వేయించుకోండి. నోటీసు అందినట్టు పోస్టాఫీసు రసీదు, ఆ ముద్ర పడిన అర్జీ ప్రతి, మీ ఖాతా స్టేట్‌మెంటు ఒకే కవరులో పెట్టుకుని అప్పుడు మళ్లీ రాయండి. వాటిని చూశాక దావా ఎలా రాయించాలో చెబుతాను.